మింగాక ఒక్క మాట

ఆ కొండ ఊళ్లో మందుల షాపు తలుపులు మనుషులు లేకుండానే తెరుచుకుంటాయి. దయ్యాల కథ మొదలుపెట్టానని కంగారు పడకండి, దానికో కారణం ఉంది. అద్దాల తలుపులు, పైన కన్ను లాంటి చిన్న సెన్సర్. ఎవరైనా ఎదురుగా వస్తే వాటంతట అవే పక్కకు జరుగుతాయి. ఆస్ట్రేలియాలో సిడ్నీకి పడమటనున్న ఈ బ్లూ మౌంటెన్స్‌లో చలికాలం, అంటే జూన్ నెల, వచ్చిందంటే లోయలోంచి పొగమంచు లేచి వీధుల్లోకి వస్తుంది. ఎంత దట్టంగా వస్తుందంటే, ఆ కన్ను దాన్ని కూడా మనిషే అనుకుంటుంది. తలుపు జరుగుతుంది. గుమ్మంలో ఎవరూ ఉండరు. మంచు మాత్రం నేల మీద పాకుతూ దగ్గుమందుల అర దాకా వచ్చి ఆగిపోతుంది.

తలుపు జరిగినప్పుడల్లా కౌసల్య తలెత్తి "గుడ్ మార్నింగ్" అంటుంది. కొత్తలో అలవాటు లేక అంటోందనుకున్నారు షాపులో మిగతావాళ్లు. పది నెలలు గడిచాయి, ఇంకా అంటూనే ఉంది. వాళ్లు మొహాలు చూసుకుని నవ్వుకుంటారు. ఆవిడ మాత్రం గుమ్మం వైపు ఇంకాసేపు చూసి, మళ్లీ పనిలో పడుతుంది.

కౌసల్యకు యాభై రెండేళ్లు. ఒంగోలు మనిషి. అక్కడ బి.ఫార్మసీ చదివింది, పెళ్లయ్యాక భర్త యోగానంద్ వెంట సిడ్నీ వచ్చింది. ఇక్కడి పరీక్షలన్నీ ఒళ్లో చంటిపిల్లాణ్ణి పెట్టుకుని రాసి గట్టెక్కింది. మనవాళ్లు ఎక్కువగా ఉండే పెండిల్ హిల్‌లో ఒకే షాపులో పద్దెనిమిదేళ్లు పనిచేసింది. అక్కడ ఆవిడ అందరికీ ఆంటీయే. షుగర్ బిళ్ల అన్నానికి ముందా తర్వాతా అని తెలుగులో అడిగేవాళ్లు, తెలుగులో చెప్పించుకునేవాళ్లు, పనిలో పనిగా గోంగూర ఏ కొట్లో బాగుందో కూడా కనుక్కునేవాళ్లు. ద పాండ్స్‌ అనే పేటలో రెండంతస్తుల ఇల్లు. షాపు నుంచి ఇంటికి ఇరవై నిమిషాలు. అంతా కుదురుగా ఉన్న చోటు వదిలేసి, రోజూ గంటా పావు కారు నడుపుకుంటూ ఈ కొండెక్కి వచ్చి చలిలో వణకడం ఏమిటి? అడిగితే గాలి మంచిదని చెప్పింది. గాలి కోసం ఇంత దూరం వచ్చే మనిషిని నేనైతే చూడలేదు. కానీ కొడుకు పోయిన తల్లిని ఎవరు గుచ్చి గుచ్చి అడుగుతారు? సరేనని ఊరుకున్నారు.

అసలు కారణం షాపు కౌంటర్ చివర ఉంది. అక్కడ భుజాల ఎత్తు చెక్క అడ్డు ఒకటి ఉంటుంది. పొద్దున ఎనిమిదికి తెరవగానే దాని వెనక పద్నాలుగు మంది వరస కడతారు. హెరాయిన్‌కో, నొప్పి బిళ్లలకో బానిసలై, దాని నుంచి బయటపడాలని చూస్తున్నవాళ్లు. ఆ కోరికను అదుపులో పెట్టడానికి డాక్టరు వాళ్లకు రాసేది మెథడోన్. అదీ మత్తుదే గనక ఆ సిరప్‌ను రోజూ ఫార్మసిస్ట్ కళ్లెదుటే తాగించాలి. చిన్న ప్లాస్టిక్ కప్పులో కొలిచి పోస్తే తాగుతారు, వెనకే నీళ్లు తాగుతారు. అంతటితో అయిపోదు. నోట్లో దాచుకుని వెళ్లి బయట ఉమ్మి అమ్ముకునేవాళ్లు ఉంటారు కాబట్టి, మింగాక ఒక్క మాటైనా మాట్లాడించి గానీ పంపకూడదు. నోరు నిండా మందు పెట్టుకుని ఎవరూ మాట్లాడలేరు కదా.

వేరే ఫార్మసిస్టులు వాతావరణం గురించి అడుగుతారు, ఫుట్‌బాల్ గురించి అడుగుతారు. కౌసల్య అడిగేది ఒక్కటే: ఏమైనా తిన్నావా? ఇంగ్లీషులోనే అడుగుతుంది గానీ ఆ ప్రశ్న మాత్రం ఒంగోలుది. టోస్ట్ అంటాడొకడు. నిన్నటి పిజ్జా అంటాడు ఇంకొకడు. ఏమీ లేదు అనేవాళ్లే ఎక్కువ. ఆడవాళ్లు జవాబు చెప్పేటప్పుడు కౌసల్య కొలపాత్ర కింద పెట్టేసి, తల కొంచెం వంచి వింటుంది. వాళ్లేం తిన్నారన్నది ఆవిడకు అక్కర్లేదు. ఆవిడ వినేది గొంతు.

ఒక గొంతు కోసం వెతుకుతోంది కౌసల్య. పదిహేడు నెలల కిందట ఫోన్‌లో ఎనిమిది సెకన్లు విన్న ఆడగొంతు. మధ్యవయసు, కొంచెం బొంగురు. ఆ గొంతు చెప్పబోయిన మాటను కౌసల్యే మధ్యలో తుంచేసింది. ఆ మిగతా మాట ఏమిటో తెలుసుకోకుండా ఆవిడకు అన్నం సహించదు, నిద్ర పట్టదు. తెలిస్తే పడుతుందా అంటే, అదీ తెలియదు.

కొడుకు పేరు విఠల్. ఒక్కడే. తాతగారి పేరు పెట్టారు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తాడు, ఇక్కడ పుట్టిన పిల్లలందరి లాగే. యూనివర్సిటీలో ఉండగా ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేశారు, గట్టి నొప్పి బిళ్లలిచ్చారు. మోకాలు మూడు నెలల్లో కుదుటపడింది, బిళ్లలు మాత్రం వదల్లేదు. ఆ బిళ్లలు దొరక్కపోతే ఇంకేదో, ఆ ఇంకేదో కూడా చాలక సూది. షాపులో పరాయివాళ్ల బిళ్లలు రోజూ లెక్కపెట్టే మనిషి, పక్క గదిలో కొడుకు కంటిపాపలు ఎందుకలా సూదిమొనల్లా అయిపోతున్నాయో రెండేళ్ల పాటు చూడలేదు. ఈ మాట నేనంటున్నది కాదు, ఆవిడే రోజూ తనను తాను అనుకునేది.

తెలిసిన రోజున ఇంట్లో పెద్ద గొడవైంది. యోగానంద్ అరిచాడు, విఠల్ తలుపు వేసుకున్నాడు, చివరికి ఒక బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడు. ఈ కొండ ఊళ్లో ఎవరిదో పాత చెక్క ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాడని తర్వాత తెలిసింది. భార్యాభర్తలిద్దరూ కూర్చుని తీరుబడిగా మాట్లాడుకున్న సంగతి ఒక్కటే: నలుగురికీ ఏమని చెప్పాలి? పెర్త్‌లో మైనింగ్ కంపెనీలో ఉద్యోగం వచ్చిందని చెప్పాలని తేల్చుకున్నారు. పెర్త్ అయితే దూరం, ఎవరూ చూసి రారు. జీతం ఎంతో కూడా అనుకుని పెట్టుకున్నారు. అంత తెలివైనవాళ్లు.

జనవరిలో ఒక శనివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. కొడుకు ఎలాగైనా బాగుపడాలని కౌసల్య మొక్కుకున్న వ్రతం అది. వచ్చినవాళ్లకు మాత్రం కొడుకు ఉద్యోగం వచ్చిన సందర్భంగా అని చెప్పింది. అరవై మంది వచ్చారు. పంతులుగారు నాలుగో కథలో ఉన్నారు. పడవలో ఏముందని సన్యాసి అడిగితే, ఆకులూ తీగలే ఉన్నాయని షావుకారు అబద్ధం చెప్పే చోటు. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. తెలియని నంబరు. పక్కనే ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని పక్కవీధి శ్యామసుందరి, ఆ వెనక ఇంకో పది మంది ఆడవాళ్లు కూర్చున్నారు.

"హాయ్, విఠల్ వాళ్ల మమ్మేనా? విఠల్ ఇక్కడ నా పక్కనే కూర్చున్నాడు, వాడు..."

పది జతల కళ్లు కౌసల్య మొహం మీదే ఉన్నాయి.

"సారీ, రాంగ్ నంబర్," అంది. పెట్టేసింది. అక్షింతలు అందుకుంది.

కథలో షావుకారు ఆకులూ తీగలే అన్నాడు, అలాగే అగుగాక అన్నాడు సన్యాసి, పడవ నిండా ఉన్న ధనమంతా నిజంగానే ఆకులైపోయింది. పంతులుగారు గొంతు పెంచి ఆ ముక్క చదువుతుంటే కౌసల్య చేతిలో అక్షింతలు చెమటకు తడిసి ముద్దైపోయాయి. వెళ్లి మళ్లీ ఫోన్ చేద్దామనుకుంది. ప్రసాదం పంచాలి. తర్వాత భోజనాలు. తర్వాత తాంబూలాలు. చివరి కారు కదిలేసరికి ఆరున్నర. ఏడింటికి చేసింది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మర్నాడు పొద్దున పోలీసులు తలుపు తట్టారు.

రైలు స్టేషన్ వెనక పార్కులో బెంచీ మీద దొరికాడట. అయిదుకీ ఆరుకీ మధ్య ప్రాణం పోయి ఉంటుందన్నారు. పక్కన ఎవరూ లేరన్నారు. ఫోన్ సంగతి కౌసల్య పోలీసులకు చెప్పలేదు, చెబితే పక్కనున్న యోగానంద్ వింటాడు కదా. ఇప్పటికీ చెప్పలేదు. ఊరికేమో పెర్త్‌లో కారు ప్రమాదం అన్నారు. ఆ నంబరుకు ఆవిడ తర్వాత కొన్ని వందల సార్లు చేసింది, స్విచాఫ్. ఫోన్‌లో ఆ నంబరును "రాంగ్ నంబర్" అనే పేరుతో దాచుకుంది. ఆ మనిషి విఠల్ పక్కన కూర్చున్న మనిషి. విఠల్ బతికిన చోట బతికే మనిషి. అంటే ఏదో ఒక రోజు ఈ ఊళ్లో ఈ వరసలోకి రాక తప్పదు. కొండ ఊరి షాపులో ఫార్మసిస్ట్ కావాలన్న ప్రకటన చూసి కౌసల్య దరఖాస్తు పెట్టింది అందుకే.

ఇక జూన్ సంగతి. సోమవారం పొద్దున. మంచు ఎంతగా పట్టిందంటే ఎదుటి బేకరీ దీపం కూడా కనపడటం లేదు. తలుపు రెండుసార్లు ఊరికే తెరుచుకుంది. రెండుసార్లూ గుడ్ మార్నింగ్ అంది కౌసల్య. మూడోసారి ఒక మనిషి వచ్చింది. కొత్త మనిషి, నలభై అయిదేళ్లుంటాయి, బక్కపలచగా, మగవాళ్ల కోటు ఒకటి వేసుకుని ఉంది. కాగితాల్లో పేరు మార్నీ. ఏడాదిన్నరగా కొండ అవతలి ఊరు లిత్‌గోలో అక్క దగ్గరుండి, మళ్లీ ఈ ఊరికే వచ్చింది. ఇక్కడ ఒక మోటెల్‌లో గదులు ఊడ్చే పని దొరికిందట.

కౌసల్య మందు కొలిచి ఇచ్చింది. మార్నీ తాగింది, నీళ్లు తాగింది.

ఏమైనా తిన్నావా అని అడిగింది కౌసల్య, ఇంగ్లీషులో, రోజూ అడిగినట్టే.

మార్నీ కౌసల్య కోటు మీద పేరున్న బిళ్లను చూసింది. మొహం చూసింది. మళ్లీ బిళ్లను చూసింది. పెదవులు నెమ్మదిగా కదిపి, వంకర ఉచ్చారణతో, తెలుగులో అంది: "తిన్నావా నాన్నా?"

ఫోన్ ఎత్తగానే కొడుకును కౌసల్య అడిగే మొదటి మాట అది. వాడికి ఫోన్ ఉన్నన్నాళ్లూ ఒక్కరోజు తప్పలేదు. ఆ గొంతులో ఆ మాట, ఆ చలిలో, ఎవరో పాతిపెట్టింది తవ్వి తీసినట్టుంది. ఆవిడ ఏం చేస్తోందో ఆవిడకే తెలియలేదు. కౌంటర్ మీంచి వంగి మార్నీ మణికట్టు గట్టిగా పట్టేసుకుంది. నువ్వేనా ఫోన్ చేసింది, ఏం చెప్పబోయావు, చెప్పు, చెప్పు, అని ఊపేసింది. వెనక వరసలో ఉన్నవాళ్లు బిత్తరపోయారు. మార్నీ చెయ్యి లాక్కుని బయటికి పరుగెత్తింది. తలుపు జరిగింది, మంచు ఆమెను మింగేసింది.

ఎంత తెలివితక్కువ పని! మందు తాగడానికి వచ్చేవాళ్లను బెదరగొట్టకూడదు. ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరు పట్టుకుంటారన్న భయం మీదే బతుకుతుంటారు వాళ్లు. ఇన్నేళ్ల అనుభవం ఉన్న మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు ఈ సంగతి.

మంగళవారం మార్నీ రాలేదు. బుధవారం రాలేదు. గురువారం పొద్దున వరసలో పాత పద్నాలుగు మందే నిలబడ్డారు. రూలు ఏమిటంటే, వరసగా మూడు రోజులు మానేస్తే నాలుగో రోజు డాక్టరుతో మాట్లాడకుండా డోసు ఇవ్వకూడదు. మానేసిన మనిషికి ఒళ్లు తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మునుపటంత పోస్తే ఊపిరి ఆగిపోతుంది. అలాగని ఇవ్వకపోతే, వణుకు ఆపుకోలేక బయట ఎక్కడో మునుపటంతే కొనుక్కుంటుంది. ఈ రెండింటిలో ఏది జరిగినా మనిషి పోతుంది. విఠల్ ఎలా పోయాడో కౌసల్య కాగితాల్లో చదివింది. తన ఆరాటం కోసం ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చానా అని ఆవిడ భయపడింది. ఆ రోజు మిగతా మాట సంగతి మర్చిపోయింది. ఆ మనిషి బతికుంటే చాలనుకుంది.

డోసుకు రాని మనిషికి షాపు నుంచి ఫోన్ చేయడం మామూలే. మధ్యాహ్నం మూడింటికి కాగితంలో ఉన్న నంబరు నొక్కింది. ఇది కొత్త నంబరు. నాలుగుసార్లు మోగాక ఎత్తారు. వెనక వాక్యూమ్ క్లీనర్ హోరు వినపడుతోంది.

మార్నీయేనా, ఫార్మసీ నుంచి మాట్లాడుతున్నాను అంది కౌసల్య.

హోరు ఆగింది. ఎవరే ఫోన్‌లో అని ఒక మగగొంతు అడగడం వినపడింది. ఒక్క క్షణం ఊపిరి శబ్దం. ఆ తర్వాత ఆ బొంగురు గొంతు, ఎనిమిది సెకన్లు విన్న ఆ గొంతే, కరకుగా అంది: "సారీ, రాంగ్ నంబర్."

కౌసల్య ఫోన్ కింద పెట్టింది. కోపం రాలేదు. ఆ పక్కన ఏం జరుగుతోందో ఆవిడకు కళ్లకు కట్టినట్టు తెలిసిపోయింది. యజమాని పక్కనున్నాడు. మత్తు మానడానికి మందు తాగే మనిషని తెలిస్తే ఆ ఉద్యోగం ఆ పూటకే పోతుంది. అటువైపు నిలబడి ఆ మూడు ముక్కలు అన్న మనిషి ఈ ప్రపంచంలో ఇంకొకరు ఉంటే, అది తనే. మళ్లీ ఫోన్ చేయలేదు. షాపు అయిదున్నరకు మూస్తారు. ఈలోగా వస్తే ఇది మూడో రోజే, ఇవ్వవచ్చు. కప్పు తీసి కౌంటర్ మీద పెట్టుకుని కూర్చుంది.

జూన్‌లో ఆ కొండ మీద అయిదింటికే పొద్దుగూకిపోతుంది. బయట దీపం కింద మంచు తెల్లగా తిరుగుతోంది. లోయ వైపు నుంచి పసుపు కళ్ల నల్లపక్షులు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి, ఏడ్చే పిల్లల్లా. అయిదుంబావుకు తలుపు జరిగింది. ఎవరూ లేరు. "గుడ్ ఈవినింగ్," అంది కౌసల్య. మళ్లీ జరిగింది. ఎవరూ లేరు. ఈసారి మంచు కౌంటర్ దాకా వచ్చింది. కౌసల్యకు ఎందుకో వెన్ను మీద చెయ్యి పెట్టినట్టనిపించి, వెనక్కి తిరిగి చూడాలంటే భయమేసింది. గడియారం వైపే చూస్తూ కూర్చుంది.

అయిదూ ఇరవై మూడుకు మార్నీ వచ్చింది. చేతులు వణుకుతున్నాయి, ముక్కు కారుతోంది. కౌసల్య కప్పు అందుకుంది. కొలిచింది, ఇచ్చింది. మార్నీ తాగింది, నీళ్లు తాగింది. కౌసల్య ఆ కప్పు తీసుకుని చెత్తబుట్టలో వేసింది. ఏమీ అడగలేదు.

"మాట్లాడించాలి కదా," అంది మార్నీ. "రూలు."

"నీకు ఇష్టమైతేనే," అంది కౌసల్య.

అప్పుడు చెప్పింది మార్నీ, చెక్క అడ్డుకు ఆనుకుని, నేల చూపులు చూస్తూ. విఠల్ అద్దెకున్న చెక్క ఇంట్లో ముందు గది మార్నీది. అప్పటికి విఠల్ పదకొండు రోజులుగా ఏమీ ముట్టుకోలేదు. వాంతులు, వణుకు, జ్వరం, అన్నీ అయిపోయాయి. ఆ శనివారం పొద్దున గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బ్యాగు సర్దుకున్నాడు. తన ఫోన్ ఎప్పుడో అమ్మేసుకున్నాడు గనక మార్నీ ఫోన్ అడిగాడు. తను మాట్లాడితే ఏడుపొస్తుంది, నువ్వే మాట్లాడు అన్నాడు. ఈ రోజు ఇంటికి రావచ్చా అని అడుగు చాలు అన్నాడు.

ఇంటికి రావచ్చా. అంతే. పదిహేడు నెలలుగా వెతికిన మిగతా మాట అదే.

కౌసల్య అడిగింది: "నేనన్నది వాడికి చెప్పావా?"

"చెప్పక్కర్లేదు. స్పీకర్‌లో పెట్టాను," అంది మార్నీ. "నవ్వాడు. శనివారం కదా, ఇంట్లో జనం ఉండి ఉంటారు, వాళ్లు తిని వెళ్లాక మమ్మే చేస్తుంది అన్నాడు. కోప్పడలేదు, ఒట్టు. నా ఫోన్ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. నేను అయిదింటికి కొట్టుకెళ్లొచ్చేసరికి మెట్ల మీద ఫోనూ బ్యాగూ ఉన్నాయి. వాడు లేడు. వెతకడానికి వెళ్లాను. ఏడింటికి నువ్వు చేసినప్పుడు అది అక్కడే, మెట్ల మీదే మోగి ఉంటుంది. మర్నాడు వాడి సంగతి తెలిశాక ఆ ఫోన్ ఆపేసి అక్క దగ్గరికి వెళ్లిపోయాను."

పదకొండు రోజులు మానేసిన ఒళ్లు. మునుపటంత డోసు. ఈ లెక్క కౌసల్యకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

"నీకు తిన్నావా అన్న మాట ఎలా వచ్చింది?" అని అడిగింది కౌసల్య.

"మెట్ల మీద కూర్చుని నేర్పాడు. ఫోన్ రాగానే నీ గొంతుతో ముందు ఆ మాటే వస్తుందని పందెం కాశాడు," అంది మార్నీ.

ఆ రోజు వ్రతానికి వచ్చిన అరవై మంది మొహాలు గుర్తుచేసుకోవాలని చూసింది కౌసల్య, కొండ దిగి కారు నడుపుతూ. ఎవరి కోసమైతే కొడుకును కాదన్నదో, ఆ జనమంతా ఎవరు? ఒక ఆకుపచ్చ పట్టుచీర తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు. దారంతా యోగానంద్‌కు చెప్పాల్సిన మాట పైకి అని చూసుకుంది. గ్యారేజీ తలుపు లేచింది. గుమ్మంలో నిలబడి ఇవాళ ఆలస్యమైందే అన్నాడతను. ట్రాఫిక్ అంది కౌసల్య. లోపలికి వెళ్లిపోయింది.

శనివారం కూడా మంచు వదల్లేదు. ఎనిమిదిన్నరకు వరస సగం అయింది, మార్నీ వంతు వచ్చింది. తాగుతుండగా తలుపు జరిగింది. ఈసారి మనుషులే. ముందు ఒక పెద్దావిడ, చీర మీద స్వెట్టరు, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని. ఆవిడ చెయ్యి పట్టుకుని శ్యామసుందరి. ఇండియా నుంచి అత్తగారు మంగతాయారు వచ్చారు. ఎవరింటికి చుట్టాలొచ్చినా ఈ కొండ మీది మూడు నిలువు రాళ్ల చోటు చూపించి తీరాలి కదా మనవాళ్లు. పొద్దున్నే బయలుదేరి వచ్చారు, మంచులో ఒక్క రాయీ కనపడలేదు, మలుపులకు ఆవిడకు వాంతులు పట్టుకున్నాయి.

శ్యామసుందరి కౌసల్యను చూసి ఆశ్చర్యపోయింది. కొండ మీద ఎక్కడో అన్నారు గానీ ఈ షాపేననుకోలేదంది. కౌసల్య బిళ్ల ఇచ్చి, నీళ్లిచ్చి, పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టింది. శ్యామసుందరి చెక్క అడ్డు వైపు ఓరగా చూసి, గొంతు బాగా తగ్గించింది.

"వీళ్లంతా వాళ్లేనాండీ? డ్రగ్స్ బాపతు? మీకు భయం వెయ్యదూ?"

మార్నీ ఖాళీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది. తెలుగు రాకపోయినా ఆ చూపు ఏమంటోందో అర్థమైనట్టే ఉంది, తల దించుకుంది.

కౌసల్య ఆమెను చూసింది. మింగిందేదో ఇంకా గొంతులోనే ఉన్నట్టనిపించింది ఆవిడకు. ఇప్పుడు నోరు విప్పితే సాయంత్రానికి ద పాండ్స్ అంతా తెలుస్తుంది, యోగానంద్ చెవిన కూడా పడుతుంది. పడనీ.

"శ్యామసుందరిగారూ, మా వ్రతం రోజున మీరు నా పక్కనే కూర్చున్నారు. నాకొక ఫోనొచ్చింది, గుర్తుందా?"

శ్యామసుందరి అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది.

"రాంగ్ నంబర్ అన్నాను. కాదండీ. మావాడు చేయించాడు. పెర్త్ నించి కాదు, ఈ ఊరి నించే. ఈమె ఫోన్‌లోంచి. మావాడు కూడా ఈ డ్రగ్స్ బాపతేనండీ. కారు ప్రమాదం ఏమీ లేదు. ఇంటికి రావచ్చా అని అడిగించాడు, నేను పెట్టేశాను."

మంగతాయారు నీళ్ల గ్లాసు ఒళ్లో పెట్టుకుని కోడలి వైపు చూసింది. శ్యామసుందరి మొహం పాలిపోయింది. ఆ గ్లాసు అందుకుంటూ అంది.

"నాకు వినపడిందండీ."

"ఏది?"

"ఫోన్‌లో ఆవిడ విఠల్ అనడం. ఇద్దరం ముగ్గురం విన్నాం. అసలు పెర్త్ వెళ్లలేదని అప్పటికే మాకందరికీ తెలుసు. మీరు చెప్పనప్పుడు మేమెలా అడుగుతాం?" శ్యామసుందరి కళ్లు తుడుచుకుంది. "మీరు లేచి లోపలికెళ్లి మాట్లాడతారేమోనని చూశాను కౌసల్యగారూ. వెళ్తే ప్రసాదం నేను పంచేద్దామనుకున్నాను."

అందరికీ తెలుసు. ఎవరి కళ్ల ముందు ఆ మూడు ముక్కలు అన్నదో వాళ్లందరికీ ముందే తెలుసు. లేచి నాలుగడుగులు వేసి వంటింట్లోకి వెళ్లి ఉంటే సరిపోయేది. ప్రసాదం ఎవరో ఒకరు పంచేవాళ్లు.

అప్పుడే తలుపు జరిగింది. మంగతాయారు, శ్యామసుందరి, మార్నీ, వరసలో మిగిలిన ఆరుగురూ తలలు తిప్పి చూశారు. గుమ్మంలో ఎవరూ లేరు. మంచు నేల మీద పాకుతూ దగ్గుమందుల అర దాటి, కౌంటర్ దాటి, కౌసల్య కాళ్ల దాకా వచ్చింది. ఈసారి ఆవిడ గుడ్ మార్నింగ్ అనలేదు.

"రా నాన్నా," అంది, అందరికీ వినపడేలా. "ఇంటికి రా."

తలుపు చాలాసేపు తెరుచుకునే ఉంది.